పేరు చెప్పని గొంతు

మా మేనత్తను ఊరంతా మైకత్త అంటుంది. మేనకోడల్ని కాబట్టి నేను అత్తా అని పిలవడంలో వింతేమీ లేదు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో బస్టాండు మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. పక్క గదిలో టికెట్లిచ్చేది నేను. మా గదుల మధ్య చెక్క గోడ, ఆ గోడకు చిన్న కిటికీ. రోజంతా ఆమె ఏం చేసినా నాకు కనిపించేది. కనిపించకపోయినా వినిపించేది, ఆ మాటకొస్తే ఊరందరికీ వినిపించేది.

పరాయివాళ్ళు మమ్మల్ని ఏలినన్నాళ్ళూ ఆ మైకులో వాళ్ళ భాషే మోగేది. సగంమందికి అర్థమయ్యేది కాదు. ఒక ఊరు వెళ్ళాల్సినవాళ్ళు ఇంకో ఊళ్ళో దిగి, తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. అత్త అప్పట్లో బస్సుల మధ్య తిరుగుతూ సోడాలు అమ్మేది. సోడా కొన్నవాళ్ళకు బస్సు సంగతి నవ్వుతూ చెప్పేది, కొననివాళ్ళకు విసుక్కుంటూ చెప్పేది. పరాయివాళ్ళు వెళ్ళిపోయాక కొత్త మేనేజరు వచ్చాడు. మన భాషలో గట్టిగా, తప్పుల్లేకుండా మాట్లాడేవాళ్ళు ఎవరున్నారని ఆయన వాకబు చేస్తే అందరూ సోడాబండి వైపు చూశారు. ఆవిడకి మైకు దేనికి, కరెంటు దండగ అన్నాడు మామయ్య. ఆయన జన్మలో వేసిన జోకులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మామయ్య గడియారాలు బాగుచేస్తాడు. బస్టాండుకు ఎదురుగానే ఆయన కొట్టు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అచ్చంగా ఆయనే. గొంతు మాత్రం ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోయేది కాదు. మాట మొదలుపెట్టే ముందు చిన్న గరగర, ఆ తరవాత బొంగురుగా, నిదానంగా ఒక్కో మాటా వచ్చేది. వాళ్ళకు పిల్లల్లేరు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోయిన నన్ను వాళ్ళే పెంచారు. ఇంట్లో మాట్లాడే పనంతా అత్త తన నెత్తినేసుకుంది, ఆయనకు దాంతో పేచీ లేదు.

బస్టాండులో తప్పిపోయిన పిల్లల్నీ, తోడు విడిపోయిన ముసలివాళ్ళనీ అత్త గదికి తీసుకొచ్చేవాళ్ళు. మైకు వాళ్ళ నోటిముందు పెట్టి, "ముందు పేరు చెప్పు. తరవాత వీధి, ఇంటి గుర్తు. అవయ్యాక ఏడుద్దువుగాని" అనేది. పేరు చెప్పకుండా మైకులో ఏం మాట్లాడినా గాల్లో కలిసిపోతుందని ఆమె నమ్మకం. ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఇంటి మాటలు మైకులో పడకూడదు. ఎవరితోనైనా సరదాగా ఒక్క మాటనాలన్నా ముందు టక్కున స్విచ్చి ఆపేది.

స్వతంత్రం వచ్చిన కొత్తలోనే రాజధానిలో సభ కూర్చుని దేశానికి రాజ్యాంగం రాయడం మొదలుపెట్టింది. చిత్తుప్రతి తయారయ్యాక దాన్ని వీధివీధినా చదివి వినిపించాలనీ, జనం ఏమంటారో టేపు మీద పట్టి సభకు పంపాలనీ నిర్ణయించారు. మా ఊళ్ళో ఆ పని మైకత్తకు తప్ప ఎవరికి వస్తుంది? ఒక వ్యాను, దాని మీద లౌడ్‌స్పీకరు, లోపల టేపు తిప్పే మనిషి, అందరి మీదా పెత్తనానికి రాజధాని నుంచి వచ్చిన ఒక ఆఫీసరు. ఎండైనా మబ్బైనా ఆయన చేతిలో మూసిన గొడుగు ఉండేది. గొడుగాయన అనేవాళ్ళం. మెత్తటి మనిషి. అత్తను అమ్మా అని తప్ప పిలిచేవాడు కాదు.

పేర్లు అడగమని గొడుగాయన చెప్పలేదు. మొదటి రోజు నేనూ పక్కనే ఉన్నాను, ఈ మాట ఎక్కడైనా చెప్పగలను. మొదటి వీధిలో మొదటి మనిషి ముందుకు రాగానే అత్త అలవాటు కొద్దీ మైకు ఆయన నోటిముందు పెట్టి పేరు, వీధి, ఇంటి గుర్తు చెప్పమంది. వ్యాను పక్కన కుర్చీలో కూర్చున్న గొడుగాయన తలెత్తి చూశాడు. కాసేపు ఆలోచించాడు. "అలాగే కానివ్వండమ్మా. బాగుంది" అన్నాడు.

ఎవరైనా పేరు చెప్పడానికి జంకితే అత్త ఊరుకునేది కాదు. రేపు పెద్ద పెద్దవాళ్ళు కూర్చుని ఇదంతా వింటారు, ఎవడో అన్నాడంటే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తారు, ఫలానా మనిషి అన్నాడంటే రాసుకుంటారు అని నచ్చజెప్పేది. జనం నమ్మారు. మైకత్త ఫలానా చోట ఆగుతుందన్న బస్సు ఏనాడూ ఇంకోచోట ఆగలేదు మరి. సోడాలమ్మిన తన చేతి మీదుగా దేశం పుడుతోందని ఆమెకు ఒళ్ళంతా సంతోషంగా ఉండేది. ఇంటికొచ్చి నాతో ఆ సంగతులే చెప్పేది. ఆమెను అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు.

మా వీధికి ఒక ఆదివారం పొద్దున వ్యాను వచ్చింది. జెండా గురించి, బడుల గురించి, అడవుల గురించి అత్త చదువుతూ పోయింది. అడవులకూ తపాలాకూ మధ్య ఒక అధికరణం ఉంది. దేశ భద్రతకు అవసరమని ప్రభుత్వం భావిస్తే ఏ వ్యక్తినైనా కారణం చెప్పకుండా నిర్బంధించవచ్చు అని. మిగతా వీధుల్లో ఆ పాటికి జనం ఆవలిస్తూ ఉండేవాళ్ళట. మా వీధి దర్జీ మాత్రం మేలుకునే ఉన్నాడు. ముందుకొచ్చి పేరు చెప్పాడు, వీధి చెప్పాడు, నీలం తలుపు ఇల్లన్నాడు. కారణం చెప్పకపోతే పోయారు, ఇంట్లోవాళ్ళకు కబురైనా చేస్తారా, లేకపోతే మా ఆవిడ కంచం ముందు పెట్టుకుని పొద్దుపోయేదాకా కూర్చుంటుంది అన్నాడు. అందరూ నవ్వారు. దర్జీ పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మామయ్య అందరి వెనకాల గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అత్త చూపు ఆయన మీద పడింది. టక్కున స్విచ్చి ఆపి, దేశం పుడుతుంటే కూడా నోరు విప్పరా అని నలుగురిలో ఆటపట్టించింది. జనం ఆయనకు దారిచ్చి ముందుకు తోశారు. గొడుగాయన ఆ సమయానికి, తరవాత వ్యాను ఎక్కడ నిలపాలో చూడడానికి పక్క వీధికి వెళ్ళాడు. టేపు మనిషి వ్యాను లోపల ఉన్నాడు. అత్త స్విచ్చి వేసి మైకు మామయ్య నోటిముందు పెట్టింది. పేరు అడగలేదు. కట్టుకున్న మొగుణ్ణి పట్టుకుని నీ పేరేమిటని ఎవరడుగుతారు?

గొంతు గరగరలాడింది. "ఇంట్లోంచి మనిషిని తీసుకెళ్ళేవాడు ఎందుకో చెప్పాలి. ఎప్పుడు పంపిస్తాడో చెప్పాలి. ఆ రెండూ చెప్పనివాడికి నేను తలుపు తియ్యను. ఎవరూ తియ్యకూడదు."

 తరవాత ఎవరో చప్పట్లు కొట్టారు. అత్త మొహం వెలిగిపోయింది. మొగుడు అన్నేసి మాటలు ఒక్కసారే మాట్లాడ్డం ఆమె కూడా ఎప్పుడో గాని విని ఉండదు.

ఎండాకాలం దాటాక సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. రేడియోలో వస్తున్నదాన్ని బస్టాండు స్పీకర్లలో వినిపించారు. సభ్యులందరూ ఒక్కటై చేతులెత్తారని చెప్పారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అత్త మైకు ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది. జనానికి పంచిపెట్టడానికి అచ్చు పుస్తకాలు నా కిటికీకే వచ్చాయి. ఒకటి తెరిచి అడవులూ తపాలా ఎక్కడున్నాయో వెతికాను. మధ్యలో ఆ అధికరణం ఉంది. జనం అన్ని మాటలన్నాక తగ్గుతుందేమో అనుకున్నాను. ఒక వాక్యం పెరిగింది. నిర్బంధం గురించి కుటుంబానికి తెలియజేయనవసరం లేదని రాశారు.

అత్తకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చదివింది. "మన దర్జీ మాట అక్కడిదాకా వెళ్ళిందన్నమాట" అంది ముందు, గర్వంగానే. మళ్ళీ చదివింది. పుస్తకం నా చేతికిచ్చేసి, వచ్చే బస్సు పేరు చెప్పడానికి మైకు దగ్గరకు జరిగింది. ఆ రోజు మొదటిసారి ఆమె ఒక బస్సు పేరు తప్పు చెప్పింది.

దర్జీని పట్టపగలు తీసుకెళ్ళారు. మిషను మీద ఎవరిదో లాగు కుడుతున్నాడు. ఇద్దరు మనుషులు వచ్చి అతని పేరు చెప్పి, వీధి చెప్పి, నీలం తలుపు ఇల్లే కదా అని అడిగారు. అవునన్నాడు. సూది బట్టలోంచి తీసి వస్తానన్నాడట, అక్కర్లేదన్నారు. దర్జీ పెళ్ళాం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఎక్కడా ఎవరూ ఆమెను కసురుకోలేదు. తెలియజేయనవసరం లేదమ్మా అని ఎంతో మర్యాదగా చెప్పి పంపించారు. ఆ మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దర్జీ తరవాత డ్రిల్లు మాస్టారు. ఆయన తరవాత ఇస్త్రీ కొట్టావిడ. ఆ అధికరణం గురించి వాళ్ళు మైకు ముందుకు వచ్చి మాట్లాడిన వరసే అది. ఆ సంగతి అందరికంటే ముందు అత్తకు అర్థమైంది. ఇంట్లో ఆమె నోరు పడిపోయింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. నేను పేర్లు అడక్కపోతే ఏమయ్యేది అని ఒక్కసారి మాత్రం అంది.  బస్టాండులో జనం ఆమె గది దగ్గర ఆగడం మానేశారు. తప్పిపోయిన పిల్లల్ని కూడా తల్లులు నోటితో కేకలేసి వెతుక్కున్నారు గాని మైకు దగ్గరకు రానివ్వలేదు.

అప్పుడు గొడుగాయన వచ్చాడు. అత్త గదిలో కూర్చుని మంచినీళ్ళడిగి తాగాడు. వెంట తెచ్చిన టేపు మిషను బల్ల మీద పెట్టి తిప్పాడు. చెక్క గోడ కిటికీలోంచి ముందు గరగర వినిపించింది. తరవాత ఇంట్లోంచి మనిషిని తీసుకెళ్ళేవాడు ఎందుకో చెప్పాలి అన్న మాట వచ్చింది.  టికెట్టు చింపబోతున్న చెయ్యి ఆగిపోయింది.

అందరినీ పేరడిగారు, ఈయన్ని ఎందుకడగలేదమ్మా అన్నాడు. మరిచిపోయానంది అత్త. మీరు మరిచిపోయే మనిషి కారని మేనేజరుగారు చెప్పారే అన్నాడు. ఎవరిదో తెలీదంది. ఆయన లేచి గొడుగు అందుకున్నాడు. "ఫర్వాలేదమ్మా. ఊళ్ళో ఎవరికో తెలిసే ఉంటుంది."

మర్నాటి నుంచి బస్సు బస్సుకూ మధ్య ఆ టేపు బస్టాండంతా మోగింది. ఈ గొంతు గుర్తుపట్టి చెప్పినవారి కుటుంబంపై ప్రభుత్వం దయ చూపుతుందని చివర్న అత్తే చదవాలి. మీట నొక్కాల్సిందీ ఆమే. మొగుడి గొంతు తన వేలితో విడిచి, ఇది ఎవరిదో చెప్పండని ఊరిని అడిగేది. ఎదురుగా కొట్టులో మామయ్య తల వంచుకుని గడియారాలు విప్పుతూ తన మాటలు తనే వినేవాడు.

ఆయన మాట్లాడడం పూర్తిగా మానేశాడు. గడియారం తెచ్చినవాళ్ళు బల్ల మీద పెడితే తల ఊపేవాడు. ఊరు కూడా ఆయన్ని మాట్లాడించలేదు. ఆ గొంతు తెలియనివాళ్ళు మా ఊళ్ళో ఎవరున్నారు? పళ్ళబండి ముసలాయనకు తెలుసు, డ్రైవర్లకు తెలుసు, మేనేజరుకూ తెలుసు. ఎవరూ చెప్పలేదు. టేపు మోగినప్పుడల్లా అందరూ తలలు దించుకుని చెప్పులు చూసుకునేవాళ్ళు. ఆ రోజుల్లో మా ఊరి మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో అంత భయమూ వేసింది. అంతమంది నోళ్ళు ఎన్నాళ్ళని మూసుకుని ఉంటాయి?

ఎక్కడికైనా వెళ్ళిపోదామంది అత్త. ఎలా వెళ్తారు? బస్టాండు గేటు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడి, గొంతు వినడానికని బస్సెక్కే ప్రతివాళ్ళ చేతా నోటితో పేరు చెప్పిస్తున్నారు.

ఒక మధ్యాహ్నం దర్జీ పెళ్ళాం అత్త గదిలోకి వచ్చింది. మనిషి సగమైపోయింది. అత్త కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా ఆయన్ని పేరడిగావు, వీధి అడిగావు, తలుపు రంగు కూడా చెప్పించావు. మీ ఆయన్ని ఏమీ అడగలేదు" అంది.

అత్త టేపు మీట మీంచి వేలు తీసేసింది.

"గొడుగాయన రోజు విడిచి రోజు పిలుస్తున్నాడక్కా. ఆ గొంతు ఎవరిదో చెప్తే సాయంత్రానికల్లా మా ఆయన్ని ఇంటికి పంపిస్తానంటాడు. తెలీదు తెలీదు అంటూనే ఉన్నాను. మా గోడ గడియారం మీ ఆయన ఎన్నిసార్లు బాగుచేశాడు, ఆ గొంతు నాకు తెలీదా? ఇవాళ మళ్ళీ రమ్మన్నాడు. ఇవాళ తెలీదని చెప్పే ఓపిక నాకు లేదు. నీ వెనకాల చెప్పడం ఇష్టంలేక ముందు నీ దగ్గరకొచ్చాను."

వద్దు అన్న మాట అత్త నోట్లోంచి వస్తుందని నేను కిటికీ పట్టుకుని ఎదురుచూశాను. రాలేదు. వెళ్ళు అనీ అనలేకపోయింది. బల్ల అంచు పట్టుకుని నిలబడి, కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. బస్సు టైమైందని బయట డ్రైవరు హారను కొడుతున్నాడు.

కొట్టులోంచి మామయ్య ఇదంతా చూసినట్టున్నాడు. రోడ్డు దాటి వచ్చాడు. ఏం జరిగిందని అడగలేదు. మా ముగ్గురి మొహాలూ చూసి, కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఎన్నాళ్ళకో ఆ గరగర విన్నాను.

"పదమ్మా. నన్ను పక్కన పెట్టుకునే చెప్పు. అప్పుడు మీ ఆయన్ని పంపించం అనడానికి వాళ్ళకి వీలుండదు."

అత్త ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "మాట్లాడమని తోసింది నేను. మీరెందుకు వెళ్తారు?"

"నువ్వు తోస్తే ముందుకొచ్చాను. మాట్లాడింది మాత్రం నేను మాట్లాడాలనుకునే మాట్లాడాను." ఆమె వేళ్ళు నెమ్మదిగా విడిపించుకున్నాడు. "బయట బస్సు ఆగి ఉంది. దాని సంగతి చూడు."

వాళ్ళిద్దరూ బస్టాండు మధ్యలోంచి నడిచి వెళ్ళారు. రోజుల తరబడి దాచుకున్న గొంతుతో మామయ్య కనబడ్డవాళ్ళందరినీ పలకరించాడు. మోకాలి నొప్పి ఎలా ఉందని పళ్ళబండి ముసలాయన్ని అడిగాడు. నీ గడియారం అయిపోయింది, కొట్లో ఉంది, తీసుకెళ్ళు అని ఒక కండక్టరుకు చెప్పాడు. అందరూ జవాబిచ్చారు. గేటు దగ్గరి మనుషులు అడక్కుండానే ఆయన తన పేరు చెప్పి బయటకు వెళ్ళాడు.

సాయంత్రందాకా అత్త బస్సుల పేర్లు ఒక్కటీ తప్పు లేకుండా చెప్పింది. టేపు మాత్రం వెయ్యలేదు. వెయ్యమని ఎవరూ రాలేదు కూడా. టేపు ఆగిపోయినందుకు నాకు నిజానికి ఇంకా భయమేసింది. పొద్దు వాలుతుండగా నీలం తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న దర్జీని ఊహించుకుని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ఒకరు పోతే ఒకరైనా ఇల్లు చేరతారు అనుకున్నాను.

దర్జీ పెళ్ళాం ఒక్కతే తిరిగొచ్చింది. ఈసారి చెప్పకుండానే కుర్చీలో కూలబడింది. నేను నా కిటికీ మూసేసి అత్త గదిలోకి వెళ్ళాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ గొంతు ఎవరిదో వాళ్ళకి మొదటి రోజే తెలుసట అక్కా" అంది చివరికి. "మీ ఆయన వెళ్ళి పేరు చెప్తే, తెలుసు కూర్చోండి అన్నాడు గొడుగాయన."

మరి టేపు ఎందుకు వేయించారని అడిగింది అత్త. ఆమె గొంతు నాకే సరిగా వినిపించలేదు.

"ఎవరెవరు తెలిసీ చెప్పరో చూడ్డానికట. ఇప్పుడు వాళ్ళ పేర్లు కావాలట. అవి చెప్తే మా ఆయన్ని వదులుతారట."

బయట బస్టాండు నిండా జనం. పళ్ళబండి ముసలాయన బండి సర్దుకుంటున్నాడు. డ్రైవర్లు టీ తాగుతున్నారు. మేనేజరు తన గది గుమ్మంలో నిలబడి మా వైపే చూస్తున్నాడు.

"నువ్వేమన్నావు?" అంది అత్త.

"ఏమీ అనలేదు. ఆలోచించుకుని రేపు పొద్దున రమ్మన్నాడు" అని దర్జీ పెళ్ళాం తలెత్తి అత్తను చూసింది. తరవాత నన్ను చూసింది.